జాతి కుక్కపిల్లలకు మంచి ఇల్లు దొరకాలంటే: అపోహలు – వాస్తవాలు

అపోహ: జాతి మంచిదైతే చాలు, పిల్లలు పుట్టాక కొనేవాళ్లు వాళ్లే వస్తారు.

కుక్క చూలు సుమారు 63 రోజులు. పుట్టిన పిల్లకు ఎనిమిది వారాలు నిండాకే ఇల్లు మార్చాలి. అంటే జత కట్టించిన రోజు నుంచి పిల్ల చేతులు మారేదాకా దాదాపు నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. అందులో సగం కాలం ఎవరికీ చెప్పకుండా ఊరుకుని, పిల్లలు కళ్లు తెరిచాక ఫొటోలు పెట్టి ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. లాబ్రడార్ ఒక ఈతలో ఏడెనిమిది పిల్లల్ని పెట్టడం మామూలే. నెల దాటేసరికి అన్ని నోళ్లకు తిండి, నట్టల మందులు, టీకాలు, పూటపూటా శుభ్రం చేసే చాకిరీ ఒక్కసారిగా మీద పడతాయి. ఆ ఒత్తిడిలో ఎవరు ముందు డబ్బు చూపిస్తే వాళ్లకే ఇచ్చేస్తారు. పిల్లలు తగని ఇళ్లకు చేరేది చాలావరకు ఇలాగే.

జత కట్టించకముందే నలుగురైదుగురు నికరంగా మాట ఇచ్చినవాళ్లు ఉండాలి. లేకపోతే ఆ ఎదను వదిలేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. వాళ్లెక్కడ దొరుకుతారంటారా? ఇదివరకు మీ దగ్గర పిల్లను తీసుకున్నవాళ్లను అడగండి. మీ కుక్కల్ని ఏళ్లుగా చూస్తున్న పశువైద్యుడికి చెప్పి ఉంచండి. డాగ్ షోలో తల్లి దగ్గర ఆగి నాలుగు వివరాలు అడిగినవాళ్ల నంబర్లు రాసి పెట్టుకోండి.

అపోహ: 45 రోజులు నిండితే పిల్లను ఇచ్చేయొచ్చు.

మన మార్కెట్లో ‘45 రోజుల పిల్ల’ అన్నది స్థిరపడిపోయిన మాట. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. తేడా 11 రోజులే కదా అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లోనే పిల్ల తోబుట్టువులతో పెనుగులాడుతూ ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది కుయ్యిమంటుందో తెలుసుకుంటుంది. ఆ పాఠం తప్పిన పిల్ల కొత్త ఇంట్లో పసివాళ్ల చేతులు కొరుకుతుంది.

అంతకన్నా పెద్ద భయం పార్వో వైరస్. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ తగ్గిపోతూ, టీకా ఇంకా పూర్తిగా పట్టని వయసు ఇదే. అది సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందుకే అమ్మిన రోజు గంతులేసిన పిల్ల వారం తిరక్కుండా రక్త విరేచనాలతో పడిపోతుంది. కొన్నవాళ్లు మోసం అంటారు, అమ్మినవాళ్లు మీరే సరిగా చూసుకోలేదంటారు. ఇద్దరి మధ్యా పోయేది పిల్ల ప్రాణం. మొదటి టీకా వేశాం, ఇక భయం లేదని చెప్పి పంపకండి. 16 వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా పడుతూ ఉండాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. ఆ తేదీలన్నీ కార్డులో రాసి చేతికివ్వండి.

అపోహ: పేపర్లు ఉంటే మేలైన పిల్లే.

చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ధ్రువపత్రంలో పిల్ల తల్లిదండ్రులు, వాళ్ల పూర్వీకులు ఎవరో ఉంటుంది. ఆ తల్లి తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో అందులో ఉండదు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్లలో తుంటి కీలు సరిగా కుదురుకోని లోపం వంశపారంపర్యంగా దిగుతుంది. తల్లిదండ్రులిద్దరికీ ఎక్స్‌రే తీయించి, ఆ ఫలితాన్ని పేపర్లతో పాటు చూపించే బ్రీడర్ దగ్గరకు తెలిసిన కొనుగోలుదారు మళ్లీ వస్తాడు. ‘హెవీ బోన్’, ‘డబుల్ బోన్’ లాంటి మాటలకు ఏ ధ్రువపత్రంలోనూ చోటు లేదు. వాటితో ధర పెంచడం మానేయాలి.

అపోహ: అరుదైన రంగుకు గిరాకీ ఎక్కువ, కాబట్టి ఆ రంగునే పుట్టించాలి.

మచ్చలు చెదిరినట్టుండే మెర్ల్ రంగు కుక్కల్ని రెండింటిని జత కట్టిస్తే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి పిల్లలు చెవిటివిగానో గుడ్డివిగానో పుట్టే ప్రమాదం ఎక్కువ. ఎంత ధర పలికినా ఈ పని చేయకూడదు.

అపోహ: ప్రశ్నలు వేస్తే కొనేవాడు పారిపోతాడు.

పోనివ్వండి. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడిగితే చిరాకు పడే మనిషి, ఆరు నెలలకు ఆ కుక్కను వదిలేసే అవకాశం ఉన్న మనిషి. మే నెల విజయవాడ ఎండలో మేడ మీద కట్టేయడానికి హస్కీ కావాలని వచ్చినవాళ్లకు ఇవ్వనని మొహం మీదే చెప్పాలి. నిజంగా పెంచుకోవాలనుకునేవాళ్లు మీ ప్రశ్నలకు సంతోషిస్తారు, తిరిగి ప్రశ్నలు వేస్తారు, తల్లిని చూపించమంటారు. చూపించండి. పిల్లలు పెరిగిన చోటు చూడనివ్వకుండా, అడ్వాన్సు పంపితే బస్సులో అట్టపెట్టెలో వేసి పంపిస్తామనే పద్ధతి మానండి. ఏ కారణంతోనైనా పెంచలేకపోతే ఎప్పుడైనా తిరిగి తీసుకుంటామని కాగితం మీద రాసివ్వండి. ఆ మాట రాసివ్వగలిగినన్ని పిల్లల్నే పుట్టించండి. జత కట్టించాలంటే ఆడకుక్కకు 18 నెలలు నిండాలని, ఏడాదికి ఒక ఈత మించకూడదని ఆ 2017 నిబంధనలూ అంటున్నాయి.

అపోహ: మన దేశవాళీ జాతుల్ని ఎవరూ కొనరు.

రాజపాళయం, ముధోల్ కుక్కలకు 2005లోనే తపాలా బిళ్లలు వచ్చాయి. ఇప్పుడు వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. వెతికేవాళ్లు తక్కువున్నది మన జోనంగికే. కొల్లేరు పరిసరాల్లో, కృష్ణా గోదావరి జిల్లాల్లో బాతుల మందలు కాసిన పొట్టి బొచ్చు కుక్క ఇది. మన వేడికి తట్టుకుంటుంది. అయితే పరుగెత్తే చోటు లేకపోతే కుంగిపోతుంది. దీన్ని అపార్ట్‌మెంటు వాళ్లకు అమ్మజూపకుండా, పొలమో తోటో ఉండి, రోజూ దాని వెంట తిరిగే మనిషి ఉన్న ఇళ్లను వెతకండి. అలాంటి ఇళ్లు నగరంలో కన్నా ఆ జిల్లాల పల్లెల్లోనే ఎక్కువ దొరుకుతాయి.