టకటక మీటలకు రిపేరుంది

రాయదుర్గం: టైపు మిషను మీద చెయ్యి తిరిగినవారికి చవక రకం కంప్యూటరు కీబోర్డు ఓ పట్టాన నచ్చదు. మీట నొక్కిందీ లేనిదీ వేలికి తెలియదు. మిషనులో అయితే మీట దెబ్బకు అక్షరపు కడ్డీ లేచి రిబ్బను మీద పడేది. గట్టిగా కొడితేనే అచ్చు నల్లగా వచ్చేది. గోద్రెజ్ కంపెనీ 1955లో మొదలుపెట్టిన ఆ మిషన్ల తయారీ 2009లో ఆగిపోయింది. వేళ్ళ అలవాటు మాత్రం పోలేదు.

చవక కీబోర్డులో మీటల కింద ఉండేది రబ్బరు బుడిపెలు. దాదాపు అడుగు దాకా తొక్కితేగాని అక్షరం పడదు. ఒక మీట చచ్చిందంటే కీబోర్డు మొత్తం మూల పడేసినట్టే.

రెండో రకంలో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. ఐబీఎం 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డులో స్ప్రింగు పక్కకు వంగి టక్కుమంటుంది. వేలికి అది టైపు మిషనుకు దగ్గరి చుట్టం. జర్మనీ వారి చెర్రీ స్విచ్చి తర్వాత ఎక్కువ వాడుకలోకి వచ్చింది. మన దేశంలో బ్యాంకులు, ఆఫీసులు వాడిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డులో ఉన్నవి చెర్రీ నీలం స్విచ్చులే. మీట దిగేది 4 మిల్లీమీటర్లు. సగం దిగేసరికే టిక్కుమంటుంది, అక్షరం పడుతుంది. మిగతా సగం తొక్కడం వృథా శ్రమ. మిషను అలవాటున్నవారు దాన్ని కూడా బాదుతారు, సాయంత్రానికి వేళ్ళు నొప్పి అంటారు. ఎరుపు రకం మెత్తన, చప్పుడు తక్కువ. కాని చెవికి, వేలికి ఆనవాలు లేదు. రోజంతా దస్తావేజులు కొట్టేవారికి నీలమే మేలు.

పేటెంటు గడువు తీరాక గేటెరాన్, కైల్ వంటి చైనా కంపెనీలు అదే కొలతలో స్విచ్చులు చేస్తున్నాయి. ఒక స్విచ్చి పోతే దాని రెండు కాళ్ళ టంకం కరిగించి, కొత్తది పెట్టి అతికితే చాలు. రేడియోలు బాగుచేసే చేతికి అది పెద్ద పనికాదు. కొత్తది దొరకకపోతే ఎవరూ ముట్టని స్క్రోల్ లాక్ మీట కిందిది తీసి పెట్టవచ్చు. కొత్త కీబోర్డులు కొన్నింటిలో టంకమే అక్కరలేదు, స్విచ్చిని పీకి మరొకటి గుచ్చడమే. మన అక్షరాలు ఎక్కువ, మీటలు తక్కువ కనుక తెలుగు కొట్టేచోట షిఫ్టు మీట మీద భారం ఎక్కువ. దాని స్విచ్చిని ఓ కంట కనిపెట్టాలి.

జీన్సులు కుట్టే మన ఊళ్ళో మిషను నూనె చేతికి అందుబాటులోనే ఉంటుంది. అది మాత్రం స్విచ్చిలో వేయరాదు. టిక్కు చప్పుడు పోతుంది. జిడ్డుకు దుమ్ము పట్టి లోపలి రేకులు అంటుకోవు. హగరి ఒడ్డున కణేకల్లు వైపు ఇసుక మేటలు గాలికి కదిలే సీమ మనది, దుమ్ముకు కొదువా? మీటల తొడుగులు పీకి, పొడి బ్రష్షుతో దులిపి, రాత్రిపూట కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంచాలి.