ముగ్గులో మొదలయ్యే లెక్క

ఉదయం ఆరున్నర. ఖాళీ స్థలంలో తాపీ మేస్త్రి ఓ మూల గూటం దిగ్గొట్టి, రెండు వైపులా పురికొసలు లాగించాడు. ఒక కొస మీద 6 అడుగుల దగ్గర గుర్తు, రెండోదాని మీద 8 దగ్గర. గుర్తుల మధ్య టేపు పట్టి చూస్తే పదడుగుల రెండంగుళాలు. ‘‘మూల విచ్చుకుందిరా, లోపలికి జరుపు’’ అన్నాడు. కుర్రాడు అవతలి గూటం పీకి జరిపాడు. సరిగ్గా 10 అడుగులు వచ్చాకే ముగ్గు డబ్బా అందుకున్నాడు.

లెక్కల్లో తప్పే బడి మానేశానని చెప్పుకునే మనిషి ఆయన. బడిలో పైథాగరస్ పేరుతో మనం వల్లెవేసింది ఇదే. 36కి 64 కలిపితే 100. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల్లోనూ ఈ సంగతి ఉంది. శుల్బం అంటే తాడే మరి!

3, 4, 5తోనూ మూల కుదురుతుంది కదా అన్నాను. ‘‘చిన్న కొలతకు పోతే పెద్ద గోడకు దెబ్బండీ’’ అన్నాడు. నాలుగడుగుల దగ్గర పావంగుళం పక్కకు పోతే, నలభై అడుగుల గోడ చివర అది రెండున్నర అంగుళాలవుతుంది. గోడలు లేచేటప్పుడు ఎవరి కంటా పడదు. టైల్స్ వేసేటప్పుడు, గోడ వారన ఒక కొసన నిండు టైలు, రెండో కొసన సన్నని చీలిక పెట్టాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. మాట మాత్రం టైల్స్ మేస్త్రి పడతాడు.

ముగ్గు తర్వాత మట్టం. ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు. మధ్యలో గొట్టం గుంటలో దిగినా, గట్టెక్కినా, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. రెండింటి నెత్తినా ఉన్నది ఒకే గాలి బరువు. లోపల బుడగ ఉండకూడదు, మూతికి బొటనవేలు అడ్డం రాకూడదు. కొత్త కుర్రాళ్లు మొదటివారం తినే తిట్లన్నీ ఈ రెండింటికే.

కడ్డీల మేస్త్రిది ఇంకో లెక్క. 12 మి.మీ. కడ్డీ బరువు కావాలంటే 12ను 12తో గుణించి 162తో భాగిస్తాడు. మీటరుకు 0.89 కిలో. 12 మీటర్ల కడ్డీ పది కిలోల 670 గ్రాములు. లారీలోంచి దిగిన కడ్డీలను లెక్కపెట్టి, తూకం చీటీ నిజమో కాదో అక్కడే తేల్చేస్తాడు. ఘనమీటరు ఉక్కు బరువు 7,850 కిలోలు, గుండ్రటి కడ్డీ వైశాల్యం, మిల్లీమీటర్లను మీటర్లు చేయడం, అన్నీ కలిసి ఆ 162లో దాక్కున్నాయి.

ఇక కాంక్రీటు. తడి ఆరితే సిమెంటు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అది నీళ్లు తాగి గట్టిపడుతుంది. నీటితో చర్య జరిగి, వేడి పుట్టి, కొత్త పదార్థాలు అల్లుకుని ఇసుకనూ కంకరనూ పట్టేస్తాయి. స్లాబ్ మీద వరిచేలో లాగా మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టేది అందుకే. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పొడిగా ఎండ మండే చోట 10. మన మే నెల ఏ కోవకొస్తుందో చెప్పక్కర్లేదు.

తర్వాత ఎంత పోసినా మేలు చేసే ఆ నీళ్లే కలిపేటప్పుడు ఎక్కువైతే చేటు. సిమెంటుకు అక్కర్లేని నీరు ఆవిరైపోతూ సన్నని రంధ్రాలు మిగులుస్తుంది, బలం తగ్గుతుంది. అమెరికన్ డఫ్ అబ్రామ్స్ 1918లోనే దీన్ని సూత్రంగా చెప్పాడు. సైట్లో కలిపే ఎం20 కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు 30 లీటర్లు దాటకూడదు. మాలు జారుగా ఉంటే పార తేలిగ్గా ఆడుతుంది కాబట్టి, ఎవరూ చూడనప్పుడు ఇంకో బకెట్ పడుతుంది. దీనికి కూలీలను తిట్టడం నాకు నచ్చదు. ఎండలో తట్టలు మోసే నడుముకూ ఓ లెక్క ఉంటుంది. చూసుకోవాల్సింది డబ్బు తీసుకునే కాంట్రాక్టరు.

ఇంత చెబుతున్నాను గానీ, మా ఇంటి స్నానాల గది సంగతి అడక్కండి. నేలకు అడుగుకో నూలు వాటం ఇవ్వాలంటారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎనిమిదడుగుల గదికి అంగుళం పల్లం. మా మేస్త్రి ఆ అంగుళం కచ్చితంగానే ఇచ్చాడు, కాకపోతే తూముకు ఎదురు వైపు. తొందరపెట్టింది నేనే. గృహప్రవేశం ముహూర్తం రెండ్రోజుల్లో ఉంది, గొట్టం పట్టి చూసే తీరిక ఎవరికీ ఇవ్వలేదు. పన్నెండేళ్లుగా స్నానం కాగానే వైపరు పట్టుకుని నీళ్లను ఎగువకు తోస్తున్నాను.