వడ్డీ ఎంతో సరే... అప్పు ఎవరికిచ్చాం?

తెనాలి నుంచి మా పిన్ని ఫోను చేసింది. "ఏమే, డిగ్రీ చదివినదానివి కదా, ఈ కాగితంలో ఏముందో కాస్త చదివి చెప్పవే" అంది. 2024 ఏప్రిల్ నాటి మాట ఇది. అంతకు మూడు నెలల ముందే బాబాయి పోయారు. హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. రిటైరయినప్పుడు చేతికొచ్చిందీ, ఆ తర్వాత ఆయన కూడబెట్టిందీ కలిపి ఇరవై రెండు లక్షలు పిన్ని పేరుకు మారాయి. మారి, సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉన్నాయి.

అంత డబ్బు ఖాతాలో కనిపిస్తే బ్యాంకులో మర్యాదలు మారిపోతాయి కదా! కుర్చీ వేశారట. మంచినీళ్లు ఇచ్చారట. అక్కడ పనిచేసే కుర్రాడొకడు "ఎఫ్‌డీ లాంటిదే ఆంటీ, కాకపోతే దానికంటే ఎక్కువొస్తుంది, టాక్సు కూడా కలిసొస్తుంది" అని ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడట. అదొక డెట్ ఫండు తాలూకు కాగితం.

"నేను చదివింది తెలుగు సాహిత్యం పిన్నీ" అన్నాను.

"అయితేనేం, కథలు రాస్తావుగా. ఇదీ కథలాగే ఉంది. చివరికి ఏమవుతుందో మాత్రం రాయలేదు" అంది.

నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరవై రెండేళ్ల మనిషి. ఫ్యామిలీ పెన్షన్ బాబాయి పెన్షన్‌లా నిండుగా రాదు. ఈ డబ్బు పోతే మళ్లీ సంపాదించే వయసూ కాదు. నా మాట విని ఎక్కడైనా పెట్టి, అది కాస్తా మునిగితే?

పైగా డబ్బు దాచడంలో నా ప్రతిభ నాకు తెలుసు. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు పెద్దనోట్ల రద్దు ప్రకటన టీవీలో వస్తోంటే నేను వంటింట్లో బియ్యం డ్రమ్ము వైపు చూస్తూ నిలబడిపోయాను. అందులో మావారికి తెలియకుండా నాలుగేళ్లుగా దాచిన అరవై వేలున్నాయి. అన్నీ అయిదొందలూ, వెయ్యీ కాగితాలే. మర్నాడు పొద్దున్నే బయటపెట్టక తప్పలేదు. ఆయన ఏమీ అనలేదు. డ్రమ్ములో ఇంకేమైనా ఉందేమోనని మాత్రం ఒకసారి చెయ్యి పెట్టి చూశారు! ఆ వారం మా వీధిలో ఎన్ని పోపులడబ్బాల గుట్టు రట్టయిందో లెక్కలేదు.

ఇంట్లో కాకపోతే బ్యాంకు లాకరులో పెట్టుకుంటే సరి అనుకునేవాళ్లూ ఉన్నారు. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఒకావిడ కూతురి పెళ్లికని లాకరులో పెట్టిన 18 లక్షల నోట్లను చెదలు తినేశాయి. లాకరు నగలకూ, దస్తావేజులకే గానీ నోట్లకు కాదని ఇప్పటి లాకరు ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు మనలో ఎంతమందిమి అది చదువుతాం?

ఎఫ్‌డీ లాంటిదేనా?

రెండు వారాలు నా కథలన్నీ పక్కన పెట్టి ఫండు కాగితాలు చదివాను. మొదట ఒక్క ముక్కా అర్థం కాలేదు. చివరికి పిన్నికి చెప్పగలిగిన పద్ధతిలో నాకు అర్థమైంది ఇది.

మనం ఎఫ్‌డీ వేస్తే బ్యాంకుకి అప్పిచ్చినట్టు. ఆ డబ్బుతో బ్యాంకు ఎవరికి అప్పిచ్చుకున్నా, వాళ్లు తీర్చినా ఎగ్గొట్టినా, మనకి ఇస్తానన్న అసలూ వడ్డీ బ్యాంకే ఇవ్వాలి. డెట్ ఫండు అలా కాదు. పదిమంది డబ్బూ పోగుచేసి ప్రభుత్వానికో, బ్యాంకులకో, కంపెనీలకో అప్పుగా ఇస్తుంది. ఆ అప్పుల్లో మనకో వాటా. అవి సక్రమంగా తీరితే మన వాటా విలువ పెరుగుతుంది. ఎవరైనా ఎగవేస్తే ఆ మేరకు తగ్గుతుంది. ఇంత ఇస్తానని ఫండు వాళ్లు మాట ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 'ఎఫ్‌డీ లాంటిదే' అన్న ఆ కుర్రాడి మాటలో తిరకాసంతా అక్కడే ఉంది.

పిన్ని పంపిన కాగితం 'క్రెడిట్ రిస్క్' ఫండుది. సెబీ పెట్టిన నియమం ప్రకారం ఇలాంటి ఫండు తన డబ్బులో కనీసం 65 శాతం, రేటింగులో మొదటి మెట్టు మీద లేని కంపెనీలకు అప్పుగా ఇవ్వాలి. వడ్డీ ఎక్కువ రావడానికి కారణం అదే. తీర్చగలడో లేదో అన్న అనుమానం ఉన్నవాడే కదా ఎక్కువ వడ్డీకి ఒప్పుకునేది! చేబదుళ్లు ఇచ్చి పుచ్చుకునే మనకి ఎవరూ చెప్పనక్కర్లేని సంగతే ఇది. ఇంగ్లీషు పేరూ, రంగుల బొమ్మలూ చూసేసరికి మర్చిపోతాం.

పోనీ రేటింగు బాగుంటే నిశ్చింతేనా అంటే, 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే సంస్థ వాయిదాలు తప్పింది. అంతకు కొద్ది వారాల ముందు దాకా దానికి ఏఏఏ రేటింగే. అప్పటి దెబ్బ కొన్ని లిక్విడ్ ఫండ్లకు కూడా తగిలింది. ఆ తర్వాత 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ తన ఆరు డెట్ ఫండ్లను ఒక్కసారిగా మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇరవై అయిదు వేల కోట్ల పైచిలుకు డబ్బు! కరోనాతో ఊరంతా తలుపులు మూసుకున్న రోజుల్లో అందులో దాచుకున్నవాళ్లు ఒక్క రూపాయి బయటికి తీసుకోలేకపోయారు. ఆ ఆరింటిలో ఒకదాని పేరులో 'అల్ట్రా షార్ట్' అని ఉంది. ఎప్పుడంటే అప్పుడు వస్తుందనే కదా ఎవరైనా అనుకుంటారు? 2021 ఫిబ్రవరి నుంచి విడతలు విడతలుగా తిరిగి ఇచ్చారు. మూసిన రోజున ఉన్న విలువకంటే ఎక్కువే వచ్చిందన్నది నిజం. కానీ ఆ మధ్య నెలల్లో ఆస్పత్రి ఖర్చులు వచ్చినవాళ్ల సంగతేమిటి? డబ్బు పోకపోవడం వేరు, కావాల్సినప్పుడు చేతికి అందడం వేరు.

వడ్డీ రేట్ల పేచీ ఇంకొకటుంది. ప్రభుత్వ బాండ్లు కొనే గిల్ట్ ఫండ్లలో ఎగవేత భయం ఉండదు. అయినా విలువ ఊగుతుంది. ఏడు శాతం ఇచ్చే పదేళ్ల బాండు మీ దగ్గరుందనుకోండి. రేపు కొత్త బాండ్లు ఎనిమిదికి వస్తే, మీ ఏడు శాతం కాగితాన్ని పూర్తి ధరకు కొనేదెవరు? తగ్గించి అమ్మాల్సిందే. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు దీర్ఘకాలపు ఫండ్లకు జరిగింది ఇదే. రేట్లు తగ్గితే దీనికి రివర్సు. అందుకే ఆర్నెల్లలో కావాల్సిన డబ్బు పదేళ్ల బాండ్ల ఫండులో పెట్టకూడదు. పేరులో 'ప్రభుత్వం' అనే మాట ఉన్నా సరే.

ఇవన్నీ చూసుకోవడానికి ఒక తేలిక మార్గం దొరికింది నాకు. 2021 డిసెంబరు నుంచి ప్రతి డెట్ ఫండు కాగితం మీదా తొమ్మిది గళ్ల పట్టిక ఒకటి వేస్తున్నారు. అడ్డంగా ఏ, బీ, సీ... ఎగవేత భయం. నిలువుగా ఒకటి, రెండు, మూడు... వడ్డీ రేట్ల ఊపు. ఏ-1 అన్నిటికంటే నిదానం, సీ-3 అన్నిటికంటే దూకుడు. పిన్ని కాగితంలో ఈ పట్టిక చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. గత మూడేళ్ల రాబడి మాత్రం మొదటి పేజీలో ఎర్రగా, పెద్దగా ఉంది.

ఇక టాక్సు. ఒకప్పుడు డెట్ ఫండ్లు మూడేళ్లు ఉంచితే పన్ను కలిసొచ్చిన మాట నిజమే. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నవాటికి ఆ సౌకర్యం తీసేశారు. ఎఫ్‌డీ వడ్డీలాగే మన శ్లాబును బట్టి కట్టాలి. ఆ కుర్రాడికి ఏడాది తర్వాత కూడా ఎవరూ చెప్పలేదేమో పాపం!

బ్యాంకు మునిగితే?

"అయితే మొత్తం బ్యాంకులోనే వేసేస్తాను, పీడా పోతుంది" అంది పిన్ని. అక్కడా ఒక లెక్క ఉంది. బ్యాంకు దెబ్బతింటే ఒక మనిషికి ఒక బ్యాంకులో, అసలూ వడ్డీ కలిపి, అయిదు లక్షల దాకానే బీమా. 2020 ఫిబ్రవరి 4కి ముందు అది లక్ష రూపాయలే. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో వేసుకున్నా అన్నీ కలిపే లెక్క. సహకార బ్యాంకులకూ ఈ బీమా ఉంటుంది. బోర్డు మీద 'పరపతి సంఘం' అని ఉన్నవాటికీ, ఫైనాన్సు కంపెనీల డిపాజిట్లకూ ఉండదు.

2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు మూతపడినప్పటి గోల మా అమ్మ తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ బ్యాంకు ఖాతాదార్లకు ఆరు నెలలకు వెయ్యి రూపాయలే ఇస్తామన్నారు మొదట్లో. తర్వాత పెంచారు లెండి. 2021లో చట్టం మార్చాక, ఇలా ఆంక్షలు పెట్టిన బ్యాంకులో బీమా డబ్బు 90 రోజుల్లో చేతికి రావాలి. పెద్ద బ్యాంకులన్నీ మునిగిపోతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఉన్నదంతా ఒకేచోట పెట్టకపోతే పోయేదేమీ లేదు కదా అని.

ఈలోగా బెంగుళూరు నుంచి పిన్ని కొడుకు "షేర్లలో పెట్టమ్మా" అన్నాడు. పిన్ని ఆ రోజు సిగ్నలు సరిగా లేదంది.

మే నెలలో నేనే తెనాలి వెళ్లాను. భోజనాలయ్యాక ఒక పాత నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాం. 'ఏ డబ్బు ఎప్పుడు కావాలి?' అన్నదే మొదటి ప్రశ్న. నెలనెలా వచ్చే పెన్షన్‌కి తోడుగా కొంత కావాలి. మందులకీ, అర్ధరాత్రి అవసరానికీ కొంత ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. డాబా కురుస్తోంది. మేస్త్రీ వానాకాలం వెళ్లాక చేస్తానన్నాడు, రెండున్నర లక్షలవుతుందన్నాడు. మిగిలింది రెండు మూడేళ్ల దాకా అక్కర్లేదు.

పన్నెండు లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పథకంలో వేసింది. ఇది నేరుగా ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు. అప్పట్లో 8.2 శాతం. వేసిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 24,600 రూపాయలు వస్తాయి. తీసుకోకుండా వదిలేస్తే ఆ వడ్డీకి వడ్డీ రాదు, ఖర్చు పెట్టుకో పిన్నీ అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. మూడున్నర లక్షల చొప్పున రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకి. ఒక యాభై వేలు సేవింగ్స్ ఖాతాలోనూ, అందులో పదిహేను వేలు ఇంట్లోనూ.

డాబా డబ్బు మాత్రం లిక్విడ్ ఫండులో పెట్టించాను. అన్ని ఫండ్లూ చెడ్డవని నేను ఎక్కడా అనలేదు సుమండీ! లిక్విడ్ ఫండు 91 రోజుల లోపు తీరే అప్పులే కొంటుంది. వారం దాటాక ఎప్పుడు తీసుకున్నా కోత లేదు. ఎఫ్‌డీని మధ్యలో విరిస్తే వడ్డీ తగ్గిస్తారు. ఎప్పుడొస్తాడో తెలియని మేస్త్రీ కోసం ఉంచే డబ్బుకి ఇదే నయం. ఇంకా నిదానం కావాలనుకునేవాళ్లకి ఒక్కరోజు అప్పులే ఇచ్చే ఓవర్‌నైట్ ఫండ్లున్నాయి. కమీషను లేని 'డైరెక్ట్' ప్లాను ఎంచుకున్నాం. ఫారం నింపడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

ఒక్క విషయం రాయకపోతే పిన్ని ఊరుకోదు. బాబాయి ఎఫ్‌డీల్లో ఒకదానికి నామినీ లేదు. ఆ ఒక్క కాగితం కోసం వారసుల సర్టిఫికెట్టనీ, అఫిడవిట్టనీ పిన్ని మూడు నెలలు తిరిగింది. ఆయన పరమ జాగ్రత్త గల మనిషి, కిరాణా చీటీలు కూడా దాచేవారు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురిని దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. ఈ పేజీ మడిచేలోపు మీ ఇంట్లో పాసుపుస్తకాలు తీసి, నామినీ పేరు ఉందో లేదో చూడండి. పోయినవారి పేరన పదేళ్లకు పైగా ఎవరూ ముట్టని ఖాతా ఎక్కడైనా ఉందేమోనన్న అనుమానముంటే, వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో 'ఉద్గమ్' అని ఒకటి పెట్టింది. పిల్లలనడిగితే ఫోనులోనే చూసిపెడతారు.

అక్టోబరులో మేస్త్రీ వచ్చాడు. పిన్ని లిక్విడ్ ఫండు డబ్బు వెనక్కి అడిగింది. మర్నాటికల్లా ఖాతాలో పడింది. అయిదు నెలలకి ఏడు వేల చిల్లర కలిసింది. ఆ చిల్లరతో వంటింటి కిటికీకి దోమల జాలీ వేయించిందట. బ్యాంకు కుర్రాడు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా కొత్త కాగితం ఇస్తున్నాడట. "ఇందులో డబ్బంతా ఎవరికి అప్పిస్తారు బాబూ?" అని అడుగుతుందట పిన్ని. కనుక్కుని చెప్తానంటాడట.

మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చింది. వంటింట్లో నాకు సాయం చేస్తూ, బియ్యం డ్రమ్ము మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది.

"ఎంతుందే?" అంది మెల్లగా, మావారికి వినబడకుండా.

మూడు వేలుంది. అన్నీ వంద కాగితాలే.