ఒక టీచరు, అయిదు తరగతులు

మన ఇంట్లో పనిచేసే ఆమెను, "ఊళ్ళో మీ అమ్మ దగ్గర వదిలి వచ్చావు గదా, మీ పిల్లాడి బళ్ళో ఎంతమంది టీచర్లు?" అని ఎప్పుడైనా అడిగారా? "ఒక్కరేనమ్మా, ఆయన సెలవు పెడితే బడి లేదు" అని జవాబు వస్తే ఆశ్చర్యపోకండి. ఒకే పొయ్యిమీద అయిదు గిన్నెలు దించుతూ ఎక్కిస్తూ వంట చేయమంటే మనకెలా ఉంటుంది? ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేసరికి అయిదో తరగతి వాళ్ళ భాగహారం అక్కడే ఆగిపోతుంది.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం పెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లుండాలి, వీలయినంతవరకు వారిలో ఒకరు స్త్రీ కావాలి అన్నది. పంతులమ్మ ఉన్న బడికి ఆడపిల్లను పంపడానికి తల్లులు అంతగా జంకరు మరి! 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు ఉండాలి. మంజూరైన పోస్టుల్లో నూటికి 10కి మించి ఖాళీ ఉండరాదు.

అయినా కొరత ఎందుకు వస్తున్నదంటారా? టీచర్లు ఏటా రిటైరవుతారు, నియామకాలు మాత్రం ఏటా జరగవు. తెలంగాణలో 2017 తరువాత మళ్ళీ పెద్ద నియామకం 2024లో, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025లో, 16,347 పోస్టులకు. నడుమ ఆ ఏళ్ళలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలుకే వెళ్ళిపోయారు.

ఈలోగా జరిగేది తాత్కాలికపు సర్దుబాటు. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను వేశారు. ఆ తరువాత విద్యా వలంటీర్లు వచ్చారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను గాని, పాలవాడికిచ్చేపాటి డబ్బుతో పంతులును పెట్టుకోవడం పొదుపు ఎలా అవుతుంది? 1998 డి.ఎస్సీలో అర్హత ఉండీ ఉద్యోగం రానివారు వేలమంది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళకు 2023లో, అదీ కనీస వేతనం మీద, కాంట్రాక్టు ఉద్యోగాలిచ్చారు. పాతికేళ్ళు! రిటైర్మెంటు దగ్గర పడ్డాక చేతికి సుద్దముక్క వచ్చిందన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. పోస్టు నిండినంత మాత్రాన టీచరు అక్కడే నిలవరు. పట్నంలో ఇంటి అద్దె అలవెన్సు ఎక్కువ, సొంత పిల్లలకు మంచి చదువూ దొరుకుతుంది. ఎవరు మాత్రం ఉంటారు చెప్పండి? అందుకే బదిలీల్లో పాయింట్లు పెట్టారు. రోడ్డు కూడా సరిగాలేని నాలుగో కేటగిరీ ఊళ్ళో ఏడాది పనిచేస్తే 5 పాయింట్లు, పట్నంలో చేస్తే ఒక్కటే. ఇది కొంత పనిచేస్తుంది. కాని ఆ పాయింట్లు కూడగట్టుకునేది, ఆ ఊరు విడిచి రావడానికే!

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది స్త్రీలు కావాలి. ఇది చాలామంది తల్లులకు తెలియదు. కమిటీలో ఉన్న తల్లి సంతకం పెట్టి ఊరుకోకుండా, మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, డిప్యుటేషన్ మీద వేరేచోటికి పోయినవారెందరు అని అడగవచ్చు. అడిగి, మినిట్స్ పుస్తకంలో రాయించవచ్చు.