స్పోర్ట్స్ మోటారు సైకిలు ఎంపిక (చిన్న, మధ్యస్థాయి)

వేగం, చురుకుదనం, మలుపులలో పట్టు ప్రధాన లక్ష్యాలుగా రూపొందించిన మోటారు సైకిలును '''స్పోర్ట్స్ మోటారు సైకిలు''' అంటారు. ఈ తరగతిలో వాహనం కొనదలచినవారికి సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది 250 సి.సి. లేదా అంతకు తక్కువ ఘనపరిమాణం కలిగి, ఇంజను అతి వేగంగా తిరిగినప్పుడు మాత్రమే పూర్తి శక్తినిచ్చే చిన్న వాహనం. రెండవది 400 సి.సి. ప్రాంతంలో ఉండి, తక్కువ చుట్ల వద్దనే తగినంత బలాన్నిచ్చే మధ్యస్థాయి వాహనం. ఈ రెంటి గరిష్ఠ అశ్వశక్తి దాదాపు సమానంగా ఉండవచ్చును. అయినప్పటికీ రోడ్డుపై వాటి ప్రవర్తన, ఖర్చు, చట్టపరమైన స్థానం వేరువేరుగా ఉంటాయి. గరిష్ఠ శక్తి ఎంత అన్న ప్రశ్న కంటే, ఆ శక్తి ఇంజను ఎన్ని చుట్లు తిరిగినప్పుడు అందుతుంది, నడిపేవారు నిత్యం అన్ని చుట్ల వద్ద నడుపుతారా అన్న ప్రశ్న ఎంపికలో ముఖ్యమైనది.

== శక్తి, టార్కు, చుట్లు ==

ఇంజను ఇరుసును తిప్పే బలాన్ని టార్కు అంటారు. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఆ బలం ఎంత వేగంగా పని చేయగలదో తెలిపేది శక్తి. టార్కును నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతో గుణించి 9,549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో లభిస్తుంది. ఒక మెట్రిక్ అశ్వశక్తి సుమారు 0.7355 కిలోవాట్లకు సమానం.

ఈ సూత్రం ప్రకారం ఇంజను శక్తిని పెంచుటకు రెండు దారులు కలవు. ఘనపరిమాణం పెంచి టార్కును పెంచుట ఒకటి. టార్కు తక్కువగానే ఉన్నా చుట్లను పెంచుట మరొకటి. మధ్యస్థాయి వాహనం మొదటి దారిని, చిన్న వాహనం రెండవ దారిని అనుసరిస్తాయి.

== రెండు వాహనాల పోలిక ==

కవాసాకి సంస్థ జపాను విపణిలో అమ్మిన రెండు నమూనాలు ఈ తేడాను స్పష్టంగా చూపుతాయి. 2020లో విడుదలైన నింజా జడ్ఎక్స్-25ఆర్ చిన్న తరగతికి, 2018లో విడుదలైన నింజా 400 మధ్యస్థాయి తరగతికి చెందినవి. ఆయా సంవత్సరాలలో జపానుకు ప్రకటించిన వివరాలు ఇవి:

* సిలిండర్లు: జడ్ఎక్స్-25ఆర్‌కు నాలుగు, నింజా 400కు రెండు.
* పిస్టను వ్యాసం, స్ట్రోకు: మొదటిదానికి 50.0 మి.మీ., 31.8 మి.మీ.; రెండవదానికి 70.0 మి.మీ., 51.8 మి.మీ.
* గరిష్ఠ శక్తి: మొదటిదానికి 15,500 చుట్ల వద్ద 45 అశ్వశక్తి, రెండవదానికి 10,000 చుట్ల వద్ద 48 అశ్వశక్తి.
* గరిష్ఠ టార్కు: మొదటిదానికి 13,000 చుట్ల వద్ద 21 న్యూటన్ మీటర్లు, రెండవదానికి 8,000 చుట్ల వద్ద 38 న్యూటన్ మీటర్లు.
* బరువు: మొదటిదానికి 183 కి.గ్రా.; రెండవదానికి 167 కి.గ్రా.

గరిష్ఠ శక్తిలో తేడా 3 అశ్వశక్తి మాత్రమే. కాని రెండు ఇంజన్లూ 8,000 చుట్లు తిరుగుతున్నప్పుడు నింజా 400 సుమారు 43 అశ్వశక్తిని ఇస్తుంది. జడ్ఎక్స్-25ఆర్ తన గరిష్ఠ టార్కును ఆ వేగం వద్దనే ఇస్తుందని ఉదారంగా లెక్కించినా దాని శక్తి 24 అశ్వశక్తిని మించదు. అనగా మధ్యస్థాయి వాహనం అప్పటికే తన శక్తిలో పది వంతులకు తొమ్మిది వంతులు ఇస్తుండగా, చిన్న వాహనం తన శక్తిలో సగం దగ్గరనే ఉంటుంది.

ఈ లోటును గేర్లు కొంత పూరిస్తాయి. చిన్న వాహనాల గేర్ల నిష్పత్తులను, అదే రోడ్డు వేగం వద్ద ఇంజను ఎక్కువ చుట్లు తిరిగే విధంగా నిర్ణయిస్తారు. అయితే పూర్తి ఫలితం పొందుటకు నడిపేవారు తరచు గేరు మార్చుతూ టాకోమీటరు ముల్లును పై భాగంలో నిలుపవలసి ఉంటుంది.

పేరుకు చిన్నదైన వాహనం ఇక్కడ 16 కి.గ్రా. ఎక్కువ బరువు కలిగి ఉండుట గమనార్హం. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, వాటికి కావలసిన ఇతర భాగాలు ఇందుకు ఒక కారణం. ఘనపరిమాణం తక్కువ అయినంత మాత్రాన వాహనం తేలికగా ఉంటుందని భావించరాదు.

== అధిక చుట్లు ఎట్లు సాధ్యం ==

నిమిషానికి 15,000 చుట్లు దాటే ఇంజను త్వరగా అరిగిపోతుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. ఇంజనుపై పడే ఒత్తిడిని అంచనా వేయుటకు చుట్ల సంఖ్య ఒక్కటే చాలదు. పిస్టను సగటు వేగాన్ని కూడా చూడవలెను. స్ట్రోకు పొడవును రెట్టింపు చేసి, సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే ఈ వేగం తెలుస్తుంది.

గరిష్ఠ శక్తి వద్ద జడ్ఎక్స్-25ఆర్ పిస్టను సగటు వేగం సెకనుకు సుమారు 16.4 మీటర్లు. నింజా 400లో అది సుమారు 17.3 మీటర్లు. స్ట్రోకు పొట్టిగా ఉండుట వలన, చుట్లు ఎంతో ఎక్కువైనా చిన్న ఇంజను పిస్టను వేగం కొంచెం తక్కువే. అయితే పిస్టను దిశ మార్చుకునే క్షణాన ఏర్పడే త్వరణం చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువలన అధిక చుట్ల ఇంజన్లలో పిస్టన్లు తేలికగా ఉండవలెను, భాగాల తయారీలో కచ్చితత్వం ఎక్కువ కావలెను. ఇటువంటి వాహనాల ధర అధికంగా ఉండుటకు ఇది ముఖ్య కారణం. జపానులో జడ్ఎక్స్-25ఆర్ ధర నింజా 400 ధర కంటే ఎక్కువగానే నిర్ణయించబడినది.

== జపానులో ఈ తరగతుల చరిత్ర ==

ఇంత చిన్న ఇంజనుకు నాలుగు సిలిండర్లు ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం జపాను చట్టాలలో కలదు. 1975లో ఆ దేశం మోటారు సైకిలు లైసెన్సును విభజించి, 400 సి.సి. వరకు ఒక హద్దు ఏర్పరచింది. అంతకు మించిన వాహనాలకు ప్రభుత్వ కేంద్రంలో కఠినమైన పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి వచ్చేది. 1996లో డ్రైవింగు పాఠశాలల ద్వారా పెద్ద వాహనాల లైసెన్సు పొందే వీలు కలిగింది. దీనితో పాటు, 250 సి.సి. దాటిన మోటారు సైకిళ్ళన్నిటికి నిర్ణీత కాలంలో తప్పనిసరి తనిఖీ ఉన్నది. కొత్త వాహనానికి మూడు సంవత్సరాల తరువాత, ఆపైన రెండు సంవత్సరాలకొకసారి ఇది జరుగుతుంది. 250 సి.సి. లోపు వాహనాలకు ఈ తనిఖీ ఖర్చు లేదు.

ఈ హద్దుల మధ్య తయారీదారులు చిన్న ఇంజన్ల నుండి ఎక్కువ శక్తిని రాబట్టుటకు పోటీపడ్డారు. 1983లో సుజుకి జీఎస్250ఎఫ్‌డబ్ల్యూ నాలుగు సిలిండర్లతో వచ్చినది. 1985లో యమహా ఎఫ్‌జడ్250 ఫేజర్, 1989లో కవాసాకి జడ్ఎక్స్ఆర్250, 1990లో హోండా సీబీఆర్250ఆర్ఆర్ వెలువడినవి. తయారీదారులు తమకు తాము విధించుకున్న పరిమితి 250 సి.సి. తరగతికి 45 అశ్వశక్తి, 400 సి.సి. తరగతికి 59 అశ్వశక్తిగా ఉండేది. 1992లో ఇవి 40, 53గా తగ్గినవి. 2007 నాటికి కొత్త ఉద్గార నిబంధనల ప్రభావంతో నాలుగు సిలిండర్ల 250 సి.సి. వాహనాల ఉత్పత్తి ఆగిపోయినది. 13 సంవత్సరాల తరువాత జడ్ఎక్స్-25ఆర్ ఆ సంప్రదాయాన్ని తిరిగి ప్రారంభించినది.

మధ్యస్థాయి ఇంజన్లన్నీ తక్కువ చుట్లవి కావు. 2023లో భారతదేశంలోనూ విడుదలైన కవాసాకి జడ్ఎక్స్-4ఆర్ 399 సి.సి. నాలుగు సిలిండర్ల వాహనం. ఇది 14,500 చుట్ల వద్ద 77 అశ్వశక్తిని ఇస్తుంది. కాబట్టి ఘనపరిమాణంతో పాటు సిలిండర్ల సంఖ్యను కూడా పరిశీలించవలెను.

== పందెములలో ==

2017లో ప్రారంభమైన ప్రపంచ సూపర్‌స్పోర్ట్ 300 పోటీలలో వేరువేరు ఘనపరిమాణాలు గల వాహనాలు కలిసి పాల్గొన్నాయి. వాటిని సమస్థాయికి తెచ్చుటకు నిర్వాహకులు గరిష్ఠ చుట్లపై, కనీస బరువుపై పరిమితులు విధించారు. 2018లో స్పెయిన్ దేశస్థురాలైన ఆనా కరాస్కో నింజా 400పై ఈ పోటీలలో విజేతగా నిలిచి, సోలో మోటారు సైకిలు రోడ్డు పందెములలో ప్రపంచ టైటిల్ సాధించిన తొలి మహిళగా గుర్తింపు పొందినది.

== భారతదేశంలో ==

భారతదేశంలో గేరు గల మోటారు సైకిలు లైసెన్సుకు కనీస వయస్సు 18 సంవత్సరాలు. ఈ లైసెన్సుకు ఘనపరిమాణ పరిమితి లేదు. జపాను చట్టంలోని మెట్లు ఇక్కడ లేనందున, లైసెన్సు పొందిన మరునాడే ఎంత పెద్ద వాహనమైనా నడుపవచ్చును. తన నైపుణ్యానికి తగిన వాహనాన్ని ఎంచుకొను బాధ్యత పూర్తిగా కొనుగోలుదారునిపైనే పడుతుంది.

ఇక్కడ హద్దు ఖర్చులో కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్ళపై వస్తు సేవల పన్ను 18 శాతానికి తగ్గినది, 350 సి.సి. దాటినవాటిపై 40 శాతంగా నిర్ణయించబడినది. 2022 జూన్ 1 నుండి అమలైన తృతీయ పక్ష బీమా ధరల ప్రకారం 150 నుండి 350 సి.సి. వరకు సంవత్సరానికి 1,366 రూపాయలు, అంతకు మించితే 2,804 రూపాయలు. అందువలన 400 సి.సి. వాహనం కొనేవారు ఇంజను ధరతో పాటు ఈ హద్దు దాటిన ఖర్చును కూడా భరించవలసి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల రోడ్లపై సుపరిచితమైన యమహా వైజడ్ఎఫ్-ఆర్15 చిన్న తరగతికి మంచి ఉదాహరణ. 2008లో భారతదేశంలో ప్రవేశించిన ఈ వాహనం 2021లో వచ్చిన నాల్గవ తరంలో 155 సి.సి. ఇంజనుతో 10,000 చుట్ల వద్ద 18.4 అశ్వశక్తిని, 7,500 చుట్ల వద్ద 14.2 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. తక్కువ చుట్ల వద్ద బలం సన్నగిల్లకుండా దీనిలో చుట్లను బట్టి వాల్వుల కదలికను మార్చే ఏర్పాటు కలదు.

== ప్రయాణ అవసరాలు ==

నగరంలో తరచు ఆగుతూ కదిలే రద్దీలో తక్కువ చుట్ల టార్కు ఉన్న వాహనం సులభంగా కదులుతుంది. గేరు మార్చే శ్రమ తక్కువ. చిన్న వాహనాన్ని కదిలించుటకు ఇంజనును ఎక్కువ తిప్పి, క్లచ్చిని కొంత సేపు సగం పట్టి ఉంచవలసి రావచ్చును.

నల్లమల అడవి గుండా సాగే హైదరాబాదు - శ్రీశైలం మార్గంలోని ఘాట్ వంటి చోట లారీని దాటవలసి వచ్చినప్పుడు ఈ తేడా భద్రతకు సంబంధించిన విషయమవుతుంది. ఎదురుగా వచ్చే వాహనానికి మధ్య గల ఖాళీ కొద్ది సెకన్లదే. చిన్న వాహనం నడిపేవారు దాటుటకు ముందే ఒకటి రెండు గేర్లు తగ్గించి ఇంజనును శక్తినిచ్చే చుట్లకు చేర్చవలెను. పై గేరులోనే థ్రాటిలు తిప్పితే ఆశించిన వేగం అందక, దాటుటకు పట్టే సమయం పెరుగుతుంది. వెనుక మరొకరు కూర్చున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇది మరింత స్పష్టమవుతుంది.

మరోవైపు, కొత్తగా నేర్చుకునేవారికి చిన్న వాహనంలో ఒక మేలు కలదు. మలుపులో పొరపాటున థ్రాటిలు కొంచెం ఎక్కువ తిరిగినా, తక్కువ చుట్ల వద్ద టార్కు స్వల్పం కనుక వెనుక చక్రం పట్టు తప్పే అవకాశం తక్కువ. గేర్ల వాడకం, వేగాన్ని కాపాడుకుంటూ మలుపు తిరుగుట కూడా దీనిపై బాగా అలవడతాయి. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజనులో కంపనాలు సన్నగా ఉంటాయి. దాని ధ్వనిని ఇష్టపడి కొనేవారూ ఉన్నారు.

== నిర్వహణ ==

సిలిండర్లు పెరిగిన కొద్దీ నిర్వహణ పని పెరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనుకు నాలుగు స్పార్కు ప్లగ్గులు, పదహారు వాల్వుల సందు తనిఖీ అవసరం. నింజా 400 వంటి రెండు సిలిండర్ల ఇంజనుకు రెండు ప్లగ్గులు, ఎనిమిది వాల్వులు మాత్రమే. అధిక చుట్ల ఇంజనుకు నూనె మట్టం తగ్గకుండా చూచుట, చల్లని ఇంజను వేడెక్కకముందే ఎక్కువ చుట్లు తిప్పకుండుట మరింత ముఖ్యం. సమీపంలో విడిభాగాలు, అనుభవం గల మెకానిక్కు లభిస్తారా అన్నది కొనుటకు ముందే తెలుసుకొనవలెను.

== ఎంచుకొను విధానం ==

రోజువారీ ప్రయాణం నగరంలోనిదైనా, దూర ప్రయాణాలు, ఇద్దరు కూర్చొను అవసరం ఎక్కువైనా మధ్యస్థాయి రెండు సిలిండర్ల వాహనం అనుకూలం. ఒంటరిగా, మలుపుల దారులలో లేదా పందెపు ట్రాకుపై నడుపుతూ, తరచు గేర్లు మార్చుటలో ఆనందం పొందేవారికి అధిక చుట్ల చిన్న వాహనం తగినది. పన్ను, బీమా ముఖ్యమైనవారు 350 సి.సి. హద్దును గుర్తుంచుకొనవలెను.

నడిపి చూచేటప్పుడు ఇంజనును ఎర్రగీత వరకు తిప్పి చూచుట వలన రెండు వాహనాలూ వేగంగానే తోస్తాయి. తాము రోజూ నడిపే వేగంలో, పై గేరులో థ్రాటిలు తిప్పి వాహనం ఎంత త్వరగా స్పందిస్తుందో గమనిస్తే, తమకు తగినది ఏదో తేలికగా తెలుస్తుంది.