చీకటిలో మీ సైకిలు కనబడుతుందా?

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామునే పాలక్యానులతో, కూరగాయల గంపలతో సైకిళ్లమీద బయలుదేరేవారు మన ఊళ్లలో ఎందరో! ఆరున్నరకుగాని సూర్యుడు పొడవడు. పైగా మంచు.

లారీ లైట్లు మనకు కనబడుతున్నాయి గనుక డ్రైవరుకు మనమూ కనబడుతున్నామనుకుంటాం. అది పొరపాటు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. నల్లదుప్పటి కప్పుకున్న మనిషిని ఆలస్యంగా చూసి బ్రేకు వేసినా ఫలితముండదు.

వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు బిగించండి. దుమ్ము పడితే మెరవదు, రోజూ తుడవండి. క్యాను, గంప దానికి అడ్డురాకూడదు. పెడళ్లకు కూడా రిఫ్లెక్టర్లుంటే మరీ మంచిది. అవి పైకీ కిందికీ కదులుతుంటే వచ్చేది సైకిలని డ్రైవరు దూరంనుండే గుర్తిస్తాడు.

అయితే రిఫ్లెక్టరుకు సొంత వెలుగు లేదు. ఎదుటి లైటు పడితేనే మెరుస్తుంది. కాబట్టి ముందు తెల్లలైటు, వెనుక ఎర్రలైటు ఉండాలి. డైనమో దీపం చక్రం ఆగితే ఆరిపోతుంది; బ్యాటరీ లైటు వెలుగుతూనే ఉంటుంది.

తల్లులారా, చీకటితో ట్యూషనుకు వెళ్లే మీ బిడ్డ స్వెట్టరు ఏ రంగో ఈ సాయంత్రమే చూడండి. ముదురు రంగైతే పైన తెల్లచొక్కా తొడిగి పంపండి. వెళ్లినవారు క్షేమంగా ఇల్లు చేరడమే గదా మనకు కావలసింది!