వంతుల్లో ఇమడని చాకిరీ

పొలం పంచుకునేటప్పుడు గట్టు గట్టుకూ గొలుసు పట్టి కొలుస్తారు. అమ్మానాన్నల్ని చూసుకునే దగ్గరికొచ్చేసరికి చాలా ఇళ్లలో ఉన్న లెక్క ఒక్కటే: నెలకొకరు. కొన్నిచోట్ల మరీ అన్యాయం. అమ్మ పెద్దాడి వంతు, నాన్న చిన్నాడి వంతు. జీవితమంతా కలిసి కాపురం చేసినవాళ్లు పండక్కి కలుసుకుంటారు.

వంతు పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఇల్లు మారినప్పుడల్లా మందుల సంచి, రిపోర్టుల కవరు కూడా మారాలి. బీపీ మాత్ర డాక్టరు మార్చారని ఈ ఇంట్లో తెలుసు, ఆ ఇంట్లో తెలియదు. పాత చీటీ చూపించి పాత మాత్రలే తెస్తారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకైతే బాత్రూమ్ ఎటో, లైటు స్విచ్ ఎక్కడో అలవాటయ్యేలోపే నెల తిరిగిపోతుంది. రాత్రి తడుముకుంటూ వెళ్లి పడ్డారంటే తుంటి ఎముక విరగొచ్చు.

వంతుల్లోంచి ఆడపిల్లల్ని తప్పిస్తూ "కూతురికి పెళ్లయిపోయింది కదా" అనే మాట చట్టం ముందు చెల్లదు. తల్లిదండ్రుల పోషణ కొడుకుతోపాటు కూతురి బాధ్యత కూడా అని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమే చెప్పింది. పెళ్లయిన కూతురికీ ఈ బాధ్యత ఉంటుందని 1987లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకుంటే నెలకు రూ.10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. ఒక్క కొడుకు మీదే కేసు వేసినా, మిగతా తోబుట్టువులను కూడా చేర్చమని అతను అడగవచ్చు.

అయితే ఈ చట్టం దృష్టిలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు లేదు. అన్నం పెట్టి, పక్క దుప్పట్లు మార్చేది మాత్రం ఎక్కువగా ఆమే! డాలస్ నుంచి నెలనెలా డబ్బు పంపే కొడుక్కి లెక్క చూపించడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. రాత్రి మూడుసార్లు లేచినవాళ్లకు ఏముంటుంది?

దూరంగా ఉన్నవాళ్లు డబ్బుతో సరిపెట్టుకోనక్కర్లేదు. బీమా కాగితాలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, కరెంటు బిల్లులు ఎక్కడున్నా చూసుకోవచ్చు. ఏడాదికోసారి వచ్చినప్పుడు చుట్టాల ఇళ్లు తిరగడం తగ్గించి, దగ్గరుండి చూసుకునేవాళ్లను పది రోజులు ఊరెళ్లి రమ్మనవచ్చు. అన్నిటికన్నా ముందు, ఎక్కడ ఉండాలనుందో ఆ పెద్దవాళ్లనే అడగాలి. పంచాయితీలో అందరూ మాట్లాడతారు, వాళ్లు తప్ప.

ఇంట్లో తెగకపోతే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. కాల్‌కు ఖర్చు లేదు.